గాజుపూసల చరిత్ర



మన భాషలో ఒక విశేషము కలదు. ముంజేతి ఆభరణమును గాజు అందుము. అది యే పదార్థముతో చేయబడునో ఆ పదార్థమును గూడ గాజే యందుము. సంస్కృతమునందలి కాచ శబ్దమే తెలుగున గాజైనదని పిల్లలకు పాఠము చెప్పు దినములలో నేను పలుమారు చెప్పియున్నాను. తుదకు లక్కతో చేసినను, బంగారుతో చేసినను చేతి నగకు గాజు పేరే నిలిచినది. పదార్థపు పేరే నగకు పేరైనదన్నచో, ఆ పదార్థము మన యిండ్లలో ఎంతకాలముగా మెలగుచున్నదో ఊహింపవచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రమున రత్నములను వివరించు చోటనే కాచమణుల ప్రసక్తియు కలదు.

బంట్వారము చుట్టుపట్ల నుండు మనకు ఈ చరిత్ర దూరపుది కాదు. సంగారెడ్డి ప్రాంతమున కొండాపురమను గ్రామము కలదు. అచ్చటి పాటిదిబ్బను నైజాము ప్రభుత్వపు పురావస్తు శాఖవారు 1941-42 ప్రాంతమున త్రవ్వించిరి. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, నాణెములు, మట్టిబొమ్మలు, వానితోడ విస్తారముగ పూసలును బయల్పడినవి. రాతిపూసలతో పాటు గాజుపూసలును అందు కలవు. మోరేశ్వర దీక్షితులవారు ఆ పూసలను పరిశీలించి, తమ గ్రంథమును 1952లో ప్రకటించిరి. రాజుల పేర్లు నాణెముల మీద నిలిచినవి. పూసను చేసినవాని పేరు ఎచ్చటను లేదు.

ఆ పేరు లేనివాని పని యెట్టిదో తెలియవలెనన్న శ్రీకాళహస్తి సమీపమున నున్న పాపానాయుడుపేటను తలపవలెను. అమెరికా దేశీయుడగు పీటర్ ఫ్రాన్సిస్ అను పూసల పరిశోధకుడు గత శతాబ్దపు చివరి దశాబ్దములలో అచ్చటి పనివారి పద్ధతిని లోకమునకు తెలియజేసెను. కొలిమిలో కరగిన గాజును ‘లాడ’ యను పొడవైన ఇనుప గొట్టమునకు ముద్దగా పట్టింతురు. ఆ ముద్దకు నడుమ బెజ్జము కల్పించి మరల కొలిమిలోనికి చొప్పింతురు. ఎదుటివైపు మరియొక పనివాడు కొక్కెముతో దాని కొనను అందుకొని, చేయి మార్చి చేయి, సన్నని గొట్టముగా లాగుచు పోవును. లాగుడు వేగమును బట్టియే గొట్టపు సన్నదనము. దానిని చెప్పు యంత్రము లేదు, చేయియే కొలబద్ద. పిమ్మట గొట్టములను చిన్న తునకలుగా కోసి, బెజ్జములు పూడకుండ, ఒకదానికొకటి అంటకుండ బూడిద పట్టించి, కుండలో వేచి కలియబెట్టుదురు. వేడికి అంచుల పదును కరగి నునుపెక్కును. జల్లెడ పట్టి, దారమున గ్రుచ్చిన పిమ్మట అవి అంగడికి పోవును.

ఈ విధముగ లాగిచేసిన పూసలే పుదుచ్చేరి చెంత అరికమేడులో దొరకినవి. 1945లో మార్టిమర్ వీలరు త్రవ్వించిన రేవుపట్టణ మదియే. ఈ జాతి పూసలు పడమట ఆఫ్రికా తీరము మొదలు తూర్పున కొరియా, జపానుల వరకును కానవచ్చుటచే, ఫ్రాన్సిస్ వీనికి రెండు మహాసముద్రముల పేర్లు కలిపి పెట్టెను. రెండువేల యేండ్ల నాటి విద్య తెలుగువారి ఒక పల్లెలో చేతి నుండి చేతికి అంది బ్రతికియుండుట సామాన్యమా?

హైదరాబాదు చార్మినారు చెంత లాడ్ బజారున మరియొక విద్య కలదు. నిప్పుల మీద లక్కను మెత్తపరచి, తీగగా సాగదీసి, వలయముగా కలిపి, వేడి యారక మునుపే గాజురాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుదురు. 2024లో ఈ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని గుర్తింపు పత్రము నిప్పుల యెదుట కూర్చుండదు. ఆ సెగలో, ఆ పొగలో దినమంతయు వంగి పనిచేయువారికి తగిన కూలి దొరకనిచో, వారి బిడ్డలు మరియొక పని వెదకికొందురు; వారిని తప్పు పట్టుటకు మనకు హక్కు లేదు. గ్రంథము పోయినచో ప్రతి దొరకవచ్చును. చేతిలోని విద్య ఒక్క తరము తప్పినచో తిరిగి రాదు.

కావున పెద్దలారా, రెండు విన్నపములు. దుక్కిలో, వానకు కోసిన పాటిగడ్డలలో పూసలు కనబడినచో పిల్లలను పారవేయనీయక, దొరకిన చోటు వ్రాసి పురావస్తు శాఖవారికి తెలుపుడు. చోటు తెలియని పూస నోరులేని సాక్షి. పెండ్లికో సీమంతమునకో గాజులు కొనునపుడు, ఇవి చేతిపనియా యని యడిగి, చేతిపనియైనచో బేరము కొంచెము తగ్గించుకొనుడు. మనము వదలుకొను ఆ నాలుగు రూపాయలే ఒక కొలిమిని చల్లారకుండ నిలుపవచ్చును.

సెలవు.