కిరణ చికిత్స పిదప తిరిగి పనిలోనికి

రాచపుండు సోకినదని తెలిసిన మనుష్యుని మనస్సులో మొదట పుట్టు ప్రశ్న "బ్రతుకుదునా?" అనునది. చికిత్స సగము నడచిన పిమ్మట రెండవ ప్రశ్న పుట్టును: "మరల ఎప్పటివలె పనికి పోగలనా?" మొదటి ప్రశ్నకు కిరణములతో సమాధానము వెదకుట 1896లోనే ఆరంభమైనది. రెండవదానిని విజ్ఞానశాస్త్రము శ్రద్ధగా చేపట్టుటకు మరి అర్ధశతాబ్దము పట్టినది. తెనాలి నిమ్మకాయల మార్కెట్టులోని గుమాస్తాకు, బాపట్ల బడిలోని ఉపాధ్యాయినికి, రేపల్లె పొలములలో నాట్లు వేయు కూలికి ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె చిన్నదేమియు కాదు. పని పోయిన యింట చికిత్స కొనసాగుటయే కష్టము. కిరణ చికిత్స ఎట్లు పుట్టినది, ఈ డెల్టా ప్రాంతమునకు ఎట్లు చేరువైనది, అది మనుష్యుని పనికి ఎంతకాలము దూరము చేయును, ఆ దూరము ఎట్లు తగ్గుచున్నది అను విషయములు తెలిసికొనదగినవి.

కాల్చు కిరణమే మాన్పు కిరణము

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గ్ నగరములో రాంట్‌జన్ ఎక్సు-కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరమే కొందరు వైద్యులు వానిని పుండ్లపై ప్రయోగించి చూచిరి. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. బెక్వెరెల్ అను శాస్త్రజ్ఞుడు రేడియము గల చిన్న గొట్టమును కోటు జేబులో ఉంచుకొని తిరుగగా 1901లో ఆ చోట చర్మము కాలినది. మంచి చర్మమును కాల్చగల కిరణము చెడు కణమును కూడ చంపగలదు గదా! కాని చెడును చంపి మంచిని కాపాడుట ఎట్లు? ఇదియే తొలినాటి చిక్కు. ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చిన గడ్డ కరగెడిది. దానితోపాటు చుట్టునున్న చర్మమును, మాంసమును పాడయ్యెడివి.

ఈ చిక్కును విప్పినవాడు పారిస్ రేడియము సంస్థలోని క్లాడ్ రెగో. ఆయన పొట్టేళ్ల వృషణములపై కిరణములను ప్రయోగించి పరిశీలించెను. వృషణములలోని కణములు కేన్సరు కణములవలె వేగముగా విభజన చెందును. పైనున్న చర్మము రోగి యొక్క ఆరోగ్యవంతమైన దేహభాగమును పోలినది. ఒకే మోతాదులో పొట్టేలును గొడ్డుపోవునట్లు చేయవలెనన్న చర్మము కాలకుండ వీలుపడలేదు. అదే కిరణమును కొన్ని దినములకు పంచి ఇచ్చినపుడు వృషణములలోని కణములు నశించెను, చర్మము మాత్రము నిలిచెను.

దీనికి కారణము నేడు బాగుగా తెలిసినది. కిరణము కణములోని జన్యుపదార్థమును త్రెంచును. ఆరోగ్యకణములు విడతకు విడతకు నడుమ గల గంటలలో ఆ తెగిన చోట్లను చాలవరకు బాగుచేసికొనగలవు. కేన్సరు కణములకు ఈ నేర్పు సాధారణముగా తక్కువ. రెగోతో కలిసి పనిచేసిన ఆన్రీ కూటార్ ఈ విడతల పద్ధతిని కంఠనాళపు కేన్సరుపై ప్రయోగించి 1920ల ఆరంభములోనే మంచి ఫలితములు చూపెను. ప్రపంచమంతట అదియే ఆచారమైనది.

రోగి చర్మమును కాపాడిన ఈ సూత్రమే అతని పనిదినములను తీసికొనినదని గమనింపవలెను. విడతకు 2 గ్రేల చొప్పున 25 విడతలు, మొత్తము 50 గ్రేలు: వారమునకు అయిదు దినముల లెక్కన ఇది అయిదు వారములు. కిరణము పడునది కొద్ది నిమిషములే. మిగిలిన దినమంతయు ప్రయాణమునకు, నిరీక్షణకు, అలసటకు పోవును.

మద్రాసు నుండి గుంటూరు దాక

తెలుగువారిలో దక్షిణ జిల్లాలవారికి చిరకాలము మద్రాసే పెద్ద వైద్యకేంద్రము. అచ్చటి జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో ఏర్పడెను. తన చెల్లెలిని కేన్సరు బలిగొనగా కలతచెందిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషి ఫలితముగా అడయారు కేన్సరు సంస్థ 1954లో కేవలము 12 పడకలతో పనిచేయ మొదలిడెను. 1951లో కెనడాలో తొలిసారి రోగులకు వాడిన కోబాల్టు-60 యంత్రము 1957లో అడయారుకు వచ్చెను. మన దేశములో అదియే మొదటిది. తెలుగు గడ్డపై హైదరాబాదులోని రేడియము సంస్థ, కేన్సరు ఆసుపత్రి 1955లో నెలకొనెను. దానికే తరువాత మెహదీ నవాజ్ జంగ్ పేరు వచ్చెను. 2000 జూన్ 22న హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి ప్రారంభమయ్యెను.

మద్రాసు రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగానే పోవును. రేపల్లె వారు శాఖామార్గమున తెనాలికి వచ్చి బండి మారవలెను. తెనాలి నుండి మద్రాసుకు సుమారు 400 కిలోమీటర్లు. దినమును విడిచి దినము పోయి వచ్చు దూరము కాదిది. అయిదారు వారములు అచ్చటనే బస చేయవలెను. రోగికి తోడుగా ఇంటివారొకరు ఉండవలెను గనుక ఒకరి వ్యాధికి ఇద్దరి కూలి పోవును. నాట్ల కాలమున గాని, మినుము పీకు కాలమున గాని చికిత్స వచ్చినచో ఆ యింటి సంవత్సరపు లెక్కయే తారుమారగును.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము కిరణ చికిత్స ఖర్చును పేదల నెత్తి నుండి చాలవరకు దించినది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు తోడ్పాటుతో నిర్మించిన కేన్సరు కేంద్రము 2020లో తెరువబడినది. తెనాలికి గుంటూరు సుమారు 25 కిలోమీటర్లే. 400 కిలోమీటర్లు 25 అగుట వైద్యము దృష్టిలో చిన్న మార్పు కావచ్చును. పనిచేసి బ్రతుకువాని దృష్టిలో అది చికిత్సలో సగము.

అలసట సోమరితనము కాదు

కిరణ చికిత్సలో ఎక్కువమందిని బాధించునది నొప్పి కాదు, అలసట. అది మొదటి వారమున అంతగా కనబడదు. వారము వారమునకు పెరిగి చికిత్స ముగియు వేళకు మిక్కుటమగును. తరువాత కొన్ని వారములకు, కొన్ని నెలలకు తగ్గును. కొందరిలో ఇంకను ఎక్కువకాలము నిలుచును. దెబ్బతిన్న కణజాలము నుండి వెలువడు వాపు పదార్థములు, రక్తహీనత, నిద్రలేమి, మనోవ్యాకులత, కండరముల క్షీణత ఇందుకు కారణములు. రాత్రి నిద్రించినంత మాత్రమున ఇది తీరదు. చికిత్స ముగిసినది గనుక మనిషి బాగుపడినాడని తోటివారు తలచు సమయముననే రోగి మిక్కిలి అలసియుండును. పనికి వచ్చినవారిపై నిష్ఠూరములు పుట్టునది ఈ పొరపాటు వలననే.

ఇట్టివారికి పూర్తి విశ్రాంతియే మందని పూర్వము తలచెడివారు. 1997లో అమెరికాలో విక్టోరియా మాక్, ఆమె సహచరులు రొమ్ము కేన్సరుకు కిరణ చికిత్స పొందుచున్న 46 మంది స్త్రీలను పరిశీలించిరి. క్రమముగా నడచిన వారికి, నడవని వారికంటె అలసట తక్కువగా ఉండెను. తరువాతి పరిశోధనలు దీనిని బలపరచినవి. వైద్యుని సలహాతో చేయు మితమైన కదలిక, క్రమముగా పెంచుకొను పని శరీరమునకు శత్రువులు కావు.

పనిని కొలుచుట

1948 ప్రాంతమున అమెరికా వైద్యులు కార్నోఫ్స్కీ, బర్షెనాల్ కొత్త మందుల గుణమును నిర్ణయించుటకు ఒక కొలబద్ద తయారుచేసిరి. అందు 100 అనగా ఏ లోపమును లేని స్థితి. 80 అనగా ప్రయాసతో మామూలు పనులు చేసికొనగల స్థితి. 70 అనగా తన పనులు తాను చూచుకొనగలిగినను ఉద్యోగము వంటి పని చేయలేని స్థితి. గడ్డ ఎంత కరగినది అనుటతోపాటు మనిషి ఏమి చేయగలడు అనునది కూడ వైద్యపు లెక్కలోనికి వచ్చెను.

2009లో డి బోయర్ బృందము 36 పరిశోధనలను కలిపి చూచినది. కేన్సరు నుండి బయటపడినవారు ఇరువదివేలకు పైగా అందున్నారు. వారిలో నూటికి 33.8 మందికి పనిలేదు. ఆరోగ్యవంతులలో ఈ సంఖ్య 15.2 మాత్రమే. వ్యాధి మానినను పని తిరిగి రానివారు ఎందరో ఉన్నారన్నమాట.

అమెరికా సుప్రీముకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 1999లో పెద్దప్రేగు కేన్సరుకు శస్త్రచికిత్సయు, కిరణ చికిత్సయు పొందియు ఒక్క దినమైనను న్యాయపీఠమునకు గైరుహాజరు కాలేదు. ఇది మెచ్చదగినదే గాని అందరికి కొలబద్ద కాదు. న్యాయమూర్తి కూర్చుండి పనిచేయును. ఆమె జీతము ఆగదు. మోకాటి లోతు బురదలో నడుము వంచి నాటు వేయు స్త్రీకి గాని, నిజాంపట్నము రేవున వల లాగు మనిషికి గాని అదే ధైర్యము ఉన్నను అదే వీలు లేదు.

దినములు తగ్గుట

ఇటీవలి పరిశోధనలు రెగో సూత్రమును విడువకయే విడతలను తగ్గించినవి. బ్రిటనులో 2008లో వెలువడిన ఫలితముల ప్రకారము రొమ్ము కేన్సరుకు 25 విడతలకు మారుగా 15 విడతలలో 40 గ్రేలు ఇచ్చినను ఫలితము తగ్గలేదు. 2020లో వెలువడిన మరియొక పరిశోధన 5 విడతలలో 26 గ్రేలు చాలునని చూపినది. విద్యార్థులు భాగించి చూచిన విడతకు 2 గ్రేలు కాస్త 2.67, ఆపైన 5.2 అయినవని తెలియును. విడత పెద్దదైనకొలది దాని తీవ్రత హెచ్చును గనుక మొత్తము మోతాదును తగ్గించిరి. అయిదు వారముల సెలవు ఒక వారమైనది! అయితే ఇది అన్ని కేన్సరులకు వర్తింపదు. నోరు, గొంతు కేన్సరులకు నేటికిని ఆరేడు వారముల చికిత్స సామాన్యము. దానివలన లాలాజలము తగ్గి నోరెండును. ఉపాధ్యాయునికి ఇది పెద్ద ఇబ్బంది. బల్లపై నీళ్లచెంబు, తక్కువ పీరియడ్లు అతనికి మందుతో సమానము.

తోటివారి బాధ్యత

బయటి నుండి కిరణములు పొందిన రోగి శరీరములో ఏ కిరణములును మిగులవు. దీపమును ఆర్పిన గదిలో వెలుతురు మిగులనట్లే ఇదియును. అతని ప్రక్కన కూర్చుండుటకు, అతడు పిల్లలకు పాఠము చెప్పుటకు భయపడనక్కరలేదు. థైరాయిడు కేన్సరుకు రేడియో అయొడిను త్రాగినవారు మాత్రము కొన్ని దినములు వైద్యుడు చెప్పిన జాగ్రత్తలు పాటింపవలెను.

ఉద్యోగుల రాజ్య బీమా చట్టము 1948లో వచ్చినది. దాని క్రింద కేన్సరు వంటి దీర్ఘవ్యాధులకు, నియమములకు లోబడి, వేతనములో 80 శాతము చొప్పున రెండేండ్ల వరకు ఇచ్చు ఏర్పాటు కలదు. పొలము కూలికి ఆ నీడ లేదు. శస్త్రచికిత్స పొందిన పేదలకు విశ్రాంతికాలమున దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండ ఇచ్చు పథకము 2019 డిసెంబరులో గుంటూరులోనే ఆరంభింపబడినది. కోలుకొను కాలము కూడ చికిత్సలో భాగమేనని ప్రభుత్వము ఒప్పుకొనుట అందలి విశేషము.

చట్టము చేరని చోట ఇరుగుపొరుగు చేరవలెను. మొదటి నెల సగము పూట పని, ఎండ తగలని చోటు, బరువులెత్తనక్కరలేని బాధ్యత, పరీక్షలకు పోవుటకు సెలవు: వీనికి పెద్ద ఖర్చు లేదు. నూరేండ్ల క్రిందట పారిస్‌లో పొట్టేళ్లపై తేలిన సత్యము ఇచ్చటను వర్తించును. ఒకేసారి మోపిన భారము కణమును చంపును. విడతలుగా ఇచ్చిన భారమును అది ఓర్చుకొని కోలుకొనును. పనికి తిరిగి వచ్చు మనిషి విషయమును అంతే.