బ్లూస్ జూనియర్, ఏసీ15: రెండు ట్యూబ్ కాంబోల మధ్య ఎంపిక

ఫెండర్ బ్లూస్ జూనియర్, వాక్స్ ఏసీ15 మధ్యస్థ ధరలో దొరికే ఎలక్ట్రిక్ గిటార్ యాంప్లిఫయర్లు. రెండూ కాంబోలే, అంటే యాంపు, స్పీకరు ఒకే పెట్టెలో ఉంటాయి. రెండింటి సామర్థ్యం 15 వాట్లు. రెండింట్లోనూ పవర్ విభాగంలో రెండు ఈఎల్84 ట్యూబులు, ప్రీయాంప్‌లో మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, ఒక 12 అంగుళాల స్పీకరు, స్ప్రింగ్ రెవర్బ్ ఉంటాయి. వివరాల పట్టిక చూస్తే ఒకే యంత్రానికి రెండు పేర్లు పెట్టారేమో అనిపిస్తుంది. తీగ మీటిన మరుక్షణం ఆ భ్రమ పోతుంది. కొనేవాళ్లు ముందుగా చూసేది వాట్లు, ట్యూబులే. ఈ జంట విషయంలో ఆ రెండూ నిర్ణయానికి పనికిరావు. తేడా అంతా సర్క్యూట్‌లో, స్పీకర్‌లో, పెట్టెలో ఉంది.

ఏసీ15 వయసులో చాలా పెద్దది. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, డార్ట్‌ఫర్డ్ పట్టణంలో టామ్ జెన్నింగ్స్ నడిపిన సంస్థ కోసం డిక్ డెన్నీ దీన్ని రూపొందించాడు. 1950ల చివర్లో అమ్మకానికి వచ్చింది. షాడోస్ అనే గిటార్ బృందం కచేరీలకు జనం పెరిగి, అరుపుల మధ్య 15 వాట్లు చాలక, 1959లో దీనికి రెట్టింపు శక్తితో ఏసీ30 తయారైంది. బీటిల్స్ తొలినాళ్ల గిటార్ శబ్దం కూడా ఈ వాక్స్ యాంపులదే. 1992 నుంచి వాక్స్ జపాన్‌కు చెందిన కోర్గ్ చేతిలో ఉంది. ఈ వ్యాసంలో ఏసీ15 అంటే 2010లో వచ్చిన ఏసీ15సీ1.

బ్లూస్ జూనియర్‌ను ఫెండర్ 1995లో విడుదల చేసింది. మూడో రూపం 2010లో, నాలుగోది 2018లో వచ్చాయి. ఫెండర్ పాత చిన్న యాంపులు ప్రిన్స్‌టన్, డీలక్స్ 6వీ6 ట్యూబుల మీద నడిచేవి. బ్లూస్ జూనియర్‌లో మాత్రం బ్రిటిష్ యాంపులతో ముడిపడిన ఈఎల్84 పెట్టారు. అయినా శబ్దం వాక్స్‌లా మారలేదు. శబ్దాన్ని తీర్చేది ట్యూబ్ ఒక్కటే కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఈ తేడాకు అసలు కారణాల్లో మొదటిది నెగటివ్ ఫీడ్‌బ్యాక్. బ్లూస్ జూనియర్‌లో స్పీకరుకు వెళ్లే సిగ్నల్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, ముందు దశలో వ్యతిరేక దిశలో కలుపుతారు. దాంతో వక్రీకరణ తగ్గుతుంది, స్వరం బిగువుగా, నిటారుగా వినిపిస్తుంది. హద్దు దాటినప్పుడు మాత్రం ఒక్కసారిగా చీలుతుంది. ఏసీ15లో ఈ ఫీడ్‌బ్యాక్ లేదు. స్పీకరు సహజ ప్రతిధ్వని, పై స్వరాల మెరుపు అణగకుండా బయటికి వస్తాయి. శుభ్రమైన స్వరం నుంచి గరగరలోకి జారడం క్రమంగా జరుగుతుంది. వేళ్ల ఒత్తిడి తగ్గిస్తే స్వరం తేలిక పడుతుంది, పెంచితే కరుకు తేలుతుంది. ఇది చేతికి తెలిసే తేడా.

రెండోది బయాస్, అంటే పవర్ ట్యూబు ఏ స్థాయిలో నడవాలో కుదిర్చే అమరిక. ఏసీ15లోది క్యాథోడ్ బయాస్. ట్యూబు గుండా పోయే కరెంటే దాని బయాస్‌ను నిర్ణయిస్తుంది కాబట్టి ట్యూబులు మార్చడం తేలిక. గట్టిగా వాయించినప్పుడు స్వరం కొద్దిగా కుంగి మళ్లీ లేస్తుంది. బ్లూస్ జూనియర్‌లోది ఫిక్స్‌డ్ బయాస్, పైగా ఫ్యాక్టరీ నుంచి సర్దుబాటు మీట లేకుండా వస్తుంది. కొత్త ఈఎల్84 జత వేసినప్పుడు అవి మరీ వేడిగా నడుస్తున్నాయేమో తెలిసిన టెక్నీషియన్ చేత కొలిపించడం మంచిది.

నాబ్‌ల దగ్గరకు వస్తే బ్లూస్ జూనియర్‌లో ట్రెబుల్, మిడిల్, బేస్ మూడూ ఉన్నాయి. మధ్య స్వరాలను నింపి గెయిన్ పెంచే ఫ్యాట్ స్విచ్ అదనం. ఏసీ15లో రెండు చానళ్లు, వేర్వేరు ఇన్‌పుట్లు. నార్మల్ చానల్‌కు వాల్యూమ్ తప్ప ఏమీ లేదు. రెండోదైన టాప్ బూస్ట్ చానల్‌కు ట్రెబుల్, బేస్ ఉన్నాయి, మిడిల్ లేదు. పవర్ విభాగం దగ్గర పనిచేసే టోన్ కట్ నాబ్‌ను ఎంత తిప్పితే పై స్వరాలు అంత తగ్గుతాయి. ఇది తెలియక కొత్తవాళ్లు వాక్స్ చెవుల్లో గుచ్చుతుందని ఫిర్యాదు చేస్తారు. ట్రెమోలో ఏసీ15లోనే ఉంది, దాని వేగం, లోతు రెండూ మార్చుకోవచ్చు. ప్రీయాంప్ తర్వాత పెడల్స్ కలిపే ఎఫెక్ట్స్ లూప్ రెండింటికీ లేదు. అందుకే డిలే పెడల్‌ను గిటారుకు, ఇన్‌పుట్‌కు మధ్యే పెట్టాలి. యాంపు గరగరలాడే స్థాయిలో డిలే వాడేవారికి ఇది నిజమైన లోటు.

నాలుగో రూపం బ్లూస్ జూనియర్‌లో సెలెస్టియన్ ఏ-టైప్ స్పీకరు ఉంది. ఏసీ15సీ1లో 98 డెసిబెల్స్ సెన్సిటివిటీ గల గ్రీన్‌బ్యాక్ స్పీకరు ఉంటుంది. ఖరీదైన ఏసీ15సీ1ఎక్స్‌లో ఆల్నికో బ్లూ పెడతారు. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. 15 వాట్లకూ 30 వాట్లకూ తేడా 3 డెసిబెల్సే. కాబట్టి 15 వాట్లంటే ఇంటికి సరిపడే చిన్న శబ్దం అనుకోకూడదు. ట్యూబు యాంపు పవర్ విభాగం పాడే స్థాయికి తెస్తే అపార్ట్‌మెంట్ గోడలు ఆపలేవు. రెండింటికీ మాస్టర్ వాల్యూమ్ ఉన్నా, దాన్ని బాగా దించి వాయిస్తే వచ్చేది ప్రీయాంప్ గరగర మాత్రమే, పలచగా ఉంటుంది. మరోవైపు డ్రమ్స్ పక్కన పూర్తిగా శుభ్రమైన స్వరం కావాలంటే రెండూ చాలవు. అలాంటివారు 6ఎల్6 ట్యూబులతో 40 వాట్లిచ్చే హాట్ రాడ్ డీలక్స్ వంటివి చూడాలి.

బ్లూస్ జూనియర్ పెట్టె వెడల్పు 18 అంగుళాలు, బరువు సుమారు 14 కిలోలు. ఏసీ15 దాదాపు 24 అంగుళాల వెడల్పు, 22 కిలోలు. పెద్ద పెట్టె వల్ల కింది స్వరాలు విశాలంగా వినిపిస్తాయి. చిన్న పెట్టెలో మధ్య స్వరాలు ఇరుకుగా తోస్తాయి. అయినా వారం వారం కచేరీకి మెట్లెక్కి మోయాల్సిన వ్యక్తికి ఆ 8 కిలోల తేడా చిన్నది కాదు. పెడల్స్‌తో రకరకాల శైలులు వాయిస్తూ తిరిగేవారికి బ్లూస్ జూనియర్ సరైనది. యాంపు ఒకచోటే ఉండి, తీగలు విడివిడిగా మోగే ఆర్పెజియోలు, తేలికపాటి గరగర రిథమ్ ప్రధానమైతే ఏసీ15 స్పష్టంగా మేలు. ధర దాదాపు ఒకటే అయినప్పుడు మోసే సమస్య లేనివారు వాక్స్ వైపే మొగ్గడం న్యాయం.

ట్యూబులు పాతబడతాయి, మార్చాల్సిన భాగాలవి. ఈఎల్84 ట్యూబులను జతగానే మార్చాలి. స్పీకరు తీగ కలపకుండా యాంపు ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ నిలిచి ఉండగలదు, అందుకే ఛాసిస్ తెరవడం నేర్చినవారి పని. అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకునే తెలుగువారు వెనక పలక మీది వోల్టేజ్ తప్పక చదవాలి. అక్కడి మోడల్ 120 వోల్టులది. మన 230 వోల్టుల సాకెట్‌కు నేరుగా పెడితే ఫ్యూజు పోవడమే కాదు, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పాడవ్వొచ్చు. దానికి తగిన వాటేజీ గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ఖరీదు, బరువు కలిపాకే రెండు యాంపుల ధరలు పోల్చాలి.