ఇంపాక్ట్ ఫ్యాక్టర్: గ్రంథాలయ అవసరం నుంచి పరిశోధకుల తూనిక దాకా

పరిశోధన వ్యాసం రాసేవారు తమకు ముందు అదే విషయంపై పనిచేసినవారి రచనలను పేర్కొనడం విద్యారంగంలో స్థిరపడిన ఆచారం. సైటేషన్ లేదా ఉల్లేఖనం అని వ్యవహరించే ఈ ప్రస్తావన పూర్వుల ఋణాన్ని ఒప్పుకోవడానికీ, చదివేవారికి మూలాన్ని చూపడానికీ ఏర్పడినదే తప్ప లెక్కపెట్టడానికి ఏర్పడినది కాదు. ఉల్లేఖనాలను లెక్కగట్టి, ఆ లెక్కతో పత్రికలకు విలువ కట్టే పద్ధతి 20వ శతాబ్దంలో, అదీ గ్రంథాలయాల ఖర్చు పద్దుల్లోంచి పుట్టింది. ఏ పత్రికకు చందా కట్టాలన్న ప్రశ్నకు జవాబుగా తయారైన అంకె, వందేళ్లు తిరగకముందే ఎవరికి ఉద్యోగం ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబుగా మారడమే ఈ కొలమానపు చరిత్ర.

ఉల్లేఖనాల జాబితా తయారుచేయడం మొదట న్యాయవాదులకు అవసరమైంది. పూర్వపు తీర్పులే ప్రమాణంగా వాదనలు సాగే అమెరికా న్యాయస్థానాల్లో, ఒక పాత తీర్పును తరువాతి న్యాయమూర్తులు సమర్థించారో, తోసిపుచ్చారో తెలియకుండా దానిని ఆధారంగా చూపితే కేసు ఓడిపోయే ప్రమాదం ఉండేది. ఈ చిక్కును తీర్చడానికి ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో ఒక్కొక్క తీర్పును ఆ తరువాత ఏయే తీర్పులు ప్రస్తావించాయో జిగురు కాగితపు చీటీలపై అచ్చువేసి అమ్మడం ప్రారంభించగా, న్యాయవాదులు వాటిని తమ తీర్పుల సంపుటాల అంచుల్లో అతికించుకునేవారు. మామూలు సూచిక పాఠకుణ్ణి వర్తమానం నుంచి గతానికి తీసుకువెళ్తే, ఈ చీటీలు గతం నుంచి వర్తమానానికి దారి చూపాయి.

విజ్ఞానశాస్త్ర పత్రికల విషయంలో తొలి లెక్కకు కారణం డబ్బు కొరత. కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రోస్, గ్రోస్ అనే ఇద్దరు రచయితలు, చిన్న కళాశాల తనకున్న పరిమిత నిధులతో ఏ రసాయనశాస్త్ర పత్రికలు తెప్పించుకోవాలన్న ప్రశ్నను 1927లో సైన్స్ పత్రికలో చర్చించారు. అధ్యాపకుల ఇష్టాయిష్టాలపై ఆధారపడకుండా, అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటంలోని వ్యాసాలు ఇతర పత్రికలను ఎన్నిసార్లు ప్రస్తావించాయో వారు చేతితో లెక్కించారు. అలా తేలిన 3,633 ప్రస్తావనల్లో జర్మన్ పత్రికల వాటా ఎంత పెద్దదంటే, రసాయనశాస్త్ర విద్యార్థులకు జర్మన్ భాష తప్పనిసరి అవసరమన్న నిర్ణయానికి కూడా ఆ లెక్క దారితీసింది. ఆ తరువాత 1934లో లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయానికి చెందిన శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్, ఒక విషయానికి సంబంధించిన వ్యాసాల్లో అధికభాగం కొద్ది పత్రికల్లోనే పోగుపడి, మిగిలినవి వందలాది పత్రికల్లో చెల్లాచెదురుగా ఉంటాయని చూపాడు. భారతీయ గ్రంథాలయశాస్త్ర పితామహుడిగా పేరొందిన ఎస్. ఆర్. రంగనాథన్ 1948లో ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పా సమావేశంలో గ్రంథాలయ సేవలకు గణాంకశాస్త్రాన్ని అన్వయించే విద్యకు ‘లైబ్రమెట్రీ’ అన్న పేరును ప్రతిపాదించాడు. వీరందరి ఆలోచనా గ్రంథాలయపు గోడల లోపలిదే.

ఈ ధారలన్నిటినీ కలిపినవాడు యూజీన్ గార్ఫీల్డ్ (1925–2017). జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య సాహిత్యపు సూచికల ప్రాజెక్టులో పనిచేస్తున్న కాలంలో, షెపర్డ్ సంస్థలో ఉన్నతాధికారిగా పనిచేసి విరమించిన విలియం అడైర్ రాసిన ఉత్తరం ద్వారా న్యాయవాదుల పద్ధతి అతని దృష్టికి వచ్చింది. విజ్ఞానశాస్త్రానికీ అటువంటి ఉల్లేఖన సూచిక కావాలని వాదిస్తూ అతడు 1955 జూలైలో సైన్స్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. విషయాల పేర్లను బట్టి తయారుచేసే సూచికలో పదాలు మారితే దారి తప్పుతుందనీ, ఉల్లేఖనాల గొలుసును పట్టుకుంటే భావాల సంబంధం దొరుకుతుందనీ అతని వాదన. పరిశోధకుడు ఒక పాత వ్యాసంపై ఆధారపడేముందు దానిపై వచ్చిన విమర్శను తెలుసుకోగలగడం అతడు ఆశించిన ముఖ్య ప్రయోజనం. ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అన్న మాట ఆ వ్యాసంలోనే కనిపించినా, అక్కడ దానికి ఒక పరిశోధన చూపిన ప్రభావం అన్న అర్థమే ఉంది. పత్రికలకు ర్యాంకులు ఇచ్చే ఊసు లేదు.

గార్ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్, జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ప్రోత్సాహంతో, అమెరికా ప్రభుత్వ సంస్థల నిధులతో మొదట జన్యుశాస్త్ర ఉల్లేఖన సూచికనూ, ఆ వెంటనే 1961 సంవత్సరపు 613 పత్రికలనుంచి సేకరించిన సుమారు 14 లక్షల ఉల్లేఖనాలతో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌నూ తెచ్చింది. ఏ పత్రికలను ఈ సూచికలో చేర్చాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు, మొత్తం ఉల్లేఖనాల సంఖ్యనే ప్రమాణంగా తీసుకుంటే వేలకొద్దీ వ్యాసాలు ప్రచురించే భారీ పత్రికలే ముందుంటాయి, తక్కువ వ్యాసాలు వేసే మంచి సమీక్షా పత్రికలు వెనకబడతాయి. ఈ లోపాన్ని సరిచేయడానికి గార్ఫీల్డ్, అతని సహచరుడు ఇర్వింగ్ షెర్ ఉల్లేఖనాల సంఖ్యను వ్యాసాల సంఖ్యతో భాగించారు. ఒక పత్రిక గత రెండేళ్లలో ప్రచురించిన రచనలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనాలను, ఆ రెండేళ్లలో అది వేసిన పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే నేటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్. రెండేళ్లలో 250 వ్యాసాలు వేసిన పత్రికకు ఈ ఏడాది 500 ఉల్లేఖనాలు వస్తే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 అవుతుంది. 1975 నుంచి ఈ అంకెలు జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ పేరుతో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌కు తోడుగా వెలువడసాగాయి.

ఆ భాగహారం సులువైనదే అయినా దాని పరిమితులు చిన్నవి కావు. సంపాదకీయాలకూ, లేఖలకూ వచ్చిన ఉల్లేఖనాలు పై లెక్కలో చేరతాయి గానీ ఆ రచనలు కింది లెక్కలోకి రావు. రెండేళ్ల గడువు జీవవైద్య రంగానికి సరిపోయినా, గణితంలోనో చరిత్రలోనో ఒక వ్యాసం చర్చకు రావడానికే అంత కాలం పడుతుంది. తెలుగు సాహిత్య, చరిత్ర పరిశోధనే దీనికి తగిన ఉదాహరణ: కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన ‘భారతి’లో మల్లంపల్లి సోమశేఖరశర్మ, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు రాసిన వ్యాసాలను తరతరాల పరిశోధకులు తమ గ్రంథాల్లో ప్రస్తావిస్తూనే ఉన్నా, అటువంటి నిదానపు ప్రభావాన్ని రెండేళ్ల గడువు పట్టుకోలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం సగటుదే. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా పత్రిక ఎ విభాగంలో 2008లో జార్జ్ షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక వ్యాసాన్ని వేలాది మంది పరిశోధకులు ఉల్లేఖించడంతో, 2గా ఉన్న ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో దాదాపు 50కి ఎగబాకింది. అదే పత్రికలోని తక్కిన వ్యాసాల విలువ మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఉల్లేఖనాలన్నీ సమానం కావన్న స్పృహతో గేబ్రియల్ పిన్‌స్కీ, ఫ్రాన్సిస్ నారిన్ 1976లో, ప్రభావం గల పత్రిక చేసిన ప్రస్తావనకు ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతిని ప్రతిపాదించారు. వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చే గూగుల్ పేజ్‌ర్యాంక్ వెనుక ఉన్నదీ అటువంటి ఆలోచనే. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ రావడంతో ఫిలడెల్ఫియా సంస్థ గుత్తాధిపత్యం సడలింది. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హె హిర్ష్ పత్రికను వదిలి నేరుగా పరిశోధకుణ్ణే కొలిచే హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు: కనీసం 20 ఉల్లేఖనాల చొప్పున పొందిన వ్యాసాలు 20 ఉన్నవారి సూచిక 20.

మనదేశంలో ఈ అంకెకు నేరుగా ఉద్యోగ నియమాల్లోనే చోటు దొరికింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనల ప్రకారం అధ్యాపకుడి వ్యాసం అచ్చయిన పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1, 2 మధ్య ఉంటే 10, 2, 5 మధ్య ఉంటే 15 పాయింట్లు అదనంగా కలిసేవి. అంకెకు పదోన్నతి తోడయ్యాక అంకెకే అంగడి ఏర్పడడంలో వింత లేదు. అసలు సూచికతో సంబంధం లేకుండా సొంతంగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కట్టి ఇచ్చే సంస్థలూ, రుసుము తీసుకుని సమీక్ష లేకుండానే వ్యాసాలు అచ్చువేసే పత్రికలూ పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, 2019లో అక్కడి న్యాయస్థానం ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది.

విమర్శ కూడా ఈ కాలంలోనే గట్టిపడింది. పత్రిక అంకెను వ్యక్తి ప్రతిభకు కొలమానంగా వాడరాదని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, ప్రచురణకర్తలు రూపొందించిన ప్రకటన 2013లో వెలువడగా, అంకెలు నిపుణుల తీర్పుకు తోడు నిలవాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదని 2015 నాటి లైడెన్ ప్రణాళిక పది సూత్రాల్లో చెప్పింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నకిలీ పత్రికలను ఏరివేయడానికి తెచ్చిన ‘కేర్’ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో విరమించి, పత్రికను ఎంచుకునే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. ఏ పత్రికను ఏ కారణంతో నమ్మాలో ఒక కళాశాల తనంత తాను తేల్చుకోవలసిన 1927 నాటి పరిస్థితి ఆ విధంగా తిరిగి వచ్చింది. తేడా ఏమిటంటే, ఆనాటి కళాశాలకు కావలసింది చదవదగిన పత్రిక. ఈనాటి కళాశాల తేల్చవలసింది తన అధ్యాపకుల వ్యాసాల విలువ, దానికి ఆ వ్యాసాలను చదవడం కన్నా దగ్గర దారిని వందేళ్ల లెక్కలేవీ చూపలేదు.