గచ్చిబౌలి కంచయు, విద్యార్థుల ఆందోళనలును

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నేడు హైటెక్ సిటీ యను ప్రాంతము కలదు. 1998వ సంవత్సరము నవంబరు మాసమున నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి గ్రామముల పొలములును, రాతిగుట్టలును కంప్యూటరు కంపెనీల మేడలకు నెలవులైనవి. ఆ మేడల చెంతనే హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. 2025లో అచ్చటి విద్యార్థులు జరిపిన ఆందోళనను గూర్చి మీలో పలువురు వినియే యుందురు. అట్టి ఆందోళనల వార్తలు మనకు ఏ రూపమున చేరుచున్నవో నేడు విచారింపదలచితిని. వెనుకటి కథ తెలియనిదే నేటి కథ బోధపడదు గనుక కొంత దూరము వెనుకకు పోవుదము.

ఆ విశ్వవిద్యాలయము పుట్టుటకే యువకుల కొలువుల తగవు మూలము. నిజాం ప్రభుత్వము 1919లో ముల్కీ నిబంధనలను గావించెను. సంస్థానములో పుట్టినవారికి గాని, పదునైదేండ్లు కాపురమున్నవారికి గాని సర్కారు కొలువు దక్కవలెనని వాని సారము. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిదప, ఇతర ప్రాంతములవారు దొంగ ముల్కీ పత్రములతో ఉద్యోగములు పొందుచున్నారని చదువుకొన్న యువకులలో అసంతృప్తి ప్రబలెను. 1952లో వరంగల్లున రేగిన ఆందోళన రాజధానికి ప్రాకెను. సెప్టెంబరు 3వ తేదీన సిటీ కాలేజీ వద్ద పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. బూర్గుల రామకృష్ణారావుగారి ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిచే విచారణ జరిపించెను.

1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినపుడు తెలంగాణ యువకుల ఉద్యోగములకు రక్షణ కల్పింతుమని పెద్దలు మాట ఇచ్చిరి. ఆ మాట చెల్లలేదని 1969 జనవరిలో ఖమ్మము జిల్లాలో మొదలైన అలజడి ఉస్మానియా విద్యార్థుల చేతులలో మహోద్యమమయ్యెను. అందు మరణించినవారు 369 మంది యని ఉద్యమకారులు చెప్పుదురు. ప్రభుత్వపు లెక్క అంతకంటె చాల తక్కువ. చనిపోయినవారి సంఖ్యయే రెండు విధములుగా నున్నపుడు, తక్కిన వార్త ఎన్ని విధములుగా నుండునో మీరే యూహింపుడు. ఒక గుంపునే ఒకరు విద్యార్థులందురు, మరియొకరు అల్లరిమూక యందురు. పేరు పెట్టుటతోనే సగము తీర్పు చెప్పినట్లగును.

1972 అక్టోబరు 3వ తేదీన ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఈసారి కోస్తా, రాయలసీమ విద్యార్థులు లేచి జై ఆంధ్ర ఉద్యమమును నడిపిరి. ఒక నిబంధన ఒకచోట అన్నము, మరియొకచోట ఆకలిగా తోచెను. తుదకు 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రముల పథకము వెలువడెను. రాజధానిలో ఒక కేంద్ర విశ్వవిద్యాలయమును స్థాపింపవలెనన్నది అందలి యొక సూత్రము. 1974లో పార్లమెంటు చట్టముచే అది ఏర్పడెను. గచ్చిబౌలి వద్ద సుమారు 2,300 ఎకరములు దానికొరకు కేటాయింపబడినవి.

అందులోని 400 ఎకరములే ఇటీవలి తగవునకు కారణము. ఆ స్థలమునకు కంచ గచ్చిబౌలి యని పేరు. కంచ యనగా మీరెరిగినదే, పశువుల మేతకు విడిచిన భూమి. 2004లో ప్రభుత్వము దానిని ఒక క్రీడాసంస్థకిచ్చెను, 2006లో రద్దుచేసెను, కోర్టులలో ఏండ్ల తరబడి వ్యాజ్యము నడిచి 2024లో ప్రభుత్వమునకు అనుకూలముగా తీరెను. భూమి సర్కారుదే, అచ్చట కంపెనీలు వచ్చిన యువకులకు కొలువులు కలుగునని పాలకుల వాదము. అడవివలె పెరిగిన ఆ భూమిని, అందలి జీవములను కాపాడుడని విద్యార్థుల వాదము.

2025 మార్చి 30న, ఉగాది పండుగనాడు, పోలీసుల కావలిలో బుల్‌డోజర్లు ఆ కంచలో ప్రవేశించెను. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయిరి. ఆ దినములలో బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగిడుచున్న బొమ్మలు సెల్‌ఫోనులలో దేశమంతట తిరిగినవి. వానిలో కొన్ని కృత్రిమ మేధ యను కంప్యూటరు విద్యచే కల్పింపబడినవి. ప్రభుత్వము ఆ సంగతి పట్టుకొని, ఇదంతయు కల్పిత ప్రచారమని చెప్పి కేసులు పెట్టించెను.

ఇప్పుడు సత్యమెచ్చట నున్నది? ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రారును స్వయముగా పోయి చూచి రమ్మనెను. ఆయన ఆ దినముననే చూచి నివేదించెను. సుమారు నూరెకరములలో చెట్లు కొట్టబడినవనియు, ఆ పరిసరములలో నెమళ్లు, జింకలు కనబడినవనియు ఆ నివేదికవలన తేలెను. పని నిలుపుడని కోర్టు ఉత్తర్వు చేసెను. బొమ్మ కల్ల, జింక నిజము. కల్లబొమ్మను పంచినవారు నిజమైన జింకకు మేలు చేయలేదు. దానిని కాదనువారికి ఒక సాకు నిచ్చిరి. అట్లే, బొమ్మ కల్ల యని చూపినవారు నరకిన చెట్టును తిరిగి మొలిపింపలేరు.

ఇది మనయొక్క చోటి ముచ్చట కాదు. 2006లో ఫ్రాన్సు ప్రభుత్వము, 26 ఏండ్లలోపువారిని కొలువున చేర్చుకొని తొలి రెండేండ్లలో కారణము చెప్పకయే తీసివేయవచ్చునని చట్టము చేసెను. విద్యార్థులు లక్షలుగా వీథులకు వచ్చిరి. ఏప్రిలు 10న ప్రభుత్వము వెనుదీసెను. కాలుచున్న కారు బొమ్మ చూచుటకు క్షణము చాలును. చట్టములోని వాక్యము చదువుటకు ఓపిక కావలెను. అందుచేత బొమ్మ ముందు నడచును, వాక్యము వెనుక కుంటును.

గ్రామపెద్దలారా! గట్టు తగవు వచ్చినపుడు మీరు రచ్చబండమీద కూర్చుండియే తీర్పు చెప్పరు. ఇరుపక్షములను వెంటబెట్టుకొని పొలమునకు పోయి, హద్దురాయి ఎచ్చట నున్నదో చూతురు. రిజిస్ట్రారు చేసినది అదియే. మీ మనుమడు చూపిన బొమ్మకైనను, పత్రికలోని పెద్ద అక్షరములకైనను, నా రేడియో మాటకైనను అదే న్యాయము వర్తించును. చూచినవారెవరు? లెక్క పెట్టినవారెవరు? పిల్లలు అడుగుచున్నదేమి? ఈ మూడును తెలిసినపిదపనే వారిని మెచ్చుకొనుడు, లేదా మందలింపుడు. పట్టణమున చదువుచున్న ఆ పిల్లలలో మీ ఊరివారును ఉందురు. వారిని గూర్చిన వార్తను మీ పొలము గట్టుపాటి శ్రద్ధతోనైనను విచారింపవలెనని నా మనవి.