బదులు ఎక్కడిది?

జహీరాబాద్‌లో ఒక్క పూటలోనే ‘బదులు’ నాలుగు పనులు చేస్తుంది. పక్కింటి నుంచి గ్లాసెడు చక్కెర బదులు తెస్తారు. అడిగినదానికి బదులు చెప్పమంటారు. ఒకరికి బదులు ఇంకొకరు డ్యూటీకి పోతారు. ఉద్యోగికి సంగారెడ్డి బదిలీ అవుతుంది. అప్పు, జవాబు, మారుమనిషి, స్థలం మార్పు: ఇవన్నీ ఒకే మాటలో ఎలా ఒదిగాయి?

మొదటి ఆనవాలు ఈ ఊరి వీధుల్లో వినిపించే ఉర్దూలోనే ఉంది. అరబ్బీ ‘బదల్’ అంటే ఒకదాని స్థానంలో నిలిచేది. మక్కా వెళ్లే సత్తువ లేనివారి తరఫున మరొకరు యాత్ర చేస్తే అది ‘హజ్-ఎ-బదల్’. పారసీ దర్బారు నడిపిన బహమనీల రాజధాని బీదర్ ఇక్కడికి దగ్గరే. ఆ తర్వాత నిజాం కచేరీల్లో 1880ల దాకా పారసీ, ఆపైన ఉర్దూ. మాట ఈ ఒక్క దారినే వచ్చిందనను, తమిళులకూ అది ‘పదిల్’గా ఉంది కదా.

మరి ‘బదల్’ మన దగ్గర ‘బదులు’ ఎందుకైంది? తెలుగు నోట చివరి అచ్చు నడిమి అచ్చును తనలా మార్చుకుంటుంది. మనిషి, మనుషులు అన్నట్టే బదిలీ, బదులు.

మారుమనిషి అర్థం చట్టంలోకీ ఎక్కింది. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25-సి సెక్షన్ ప్రకారం, హాజరు పట్టీలో పేరున్న మరో కార్మికుడి స్థానంలో పనిచేసేవాడు ‘బద్లీ’. ఏడాది నిరంతర సర్వీసు నిండితే ఆ సెక్షన్ అతన్ని బద్లీగా చూసేది కాదు. సింగరేణిలో ‘బదిలీ వర్కర్’ అన్నా మూలం ఇదే. మరొకరి చోట చెమటోడ్చిన మనిషికి తన పేరు పట్టీకెక్కడం చిన్న సంగతి కాదు.

అప్పు ముడి విప్పడానికి ‘ఎరువు’ అనే పాత మాట సాయపడుతుంది. ఎరువు తెచ్చిన నగ పెళ్లి కాగానే అదే నగగా తిరిగి వెళ్లాలి. బదులు తెచ్చిన చక్కెర మాత్రం టీలో కరిగిపోయింది, దాని చోట వేరే చక్కెర ఇస్తాం. చేబదులు డబ్బూ అంతే, వెళ్లేది వేరే నోటు. అంటే ఈ అప్పులో ఉన్నదీ స్థానభర్తీయే.

అన్నింటికంటే గట్టి ముడి జవాబు. అరబ్బీ ‘బదల్’కు ఆ అర్థం లేదు, ఉర్దూలో దానికి ‘జవాబ్’ వేరే ఉంది. కాబట్టి అది ఇక్కడే పుట్టి ఉండాలి. నా లెక్కలో దాని ఆచూకీ ‘మారు’లో ఉంది. మారుతాళంచెవి, మారుపేరు అన్నప్పుడు ‘మారు’ ఒకదాని స్థానంలో మరొకటి. ‘మారు మాట్లాడకుండా’ అన్నప్పుడు అదే జవాబు. తమిళంలోనూ జవాబును ‘మఱుమొళి’ అంటారు. స్థానభర్తీనీ జవాబునూ ఒకే మాటతో చెప్పడం మనకు ముందే అలవాటు. ‘బదల్’ వచ్చి ‘మారు’ పక్కన చేరాక, దాని రెండో పనిని కూడా అందుకుంది.