వికీపీడియా వాడుక సౌలభ్య ప్రాజెక్టు

వికీపీడియా వాడుక సౌలభ్య ప్రాజెక్టు అనగా, కొత్తవారు వికీపీడియాను సులభముగా చదువుటకు, దిద్దుటకు వీలుగా దాని రూపును సవరించుటకై వికీమీడియా ఫౌండేషన్ 2009-2010 సంవత్సరములలో చేపట్టిన ప్రాజెక్టు. ఈ ఫౌండేషన్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రముగా గల లాభాపేక్ష లేని సంస్థ. ప్రాజెక్టునకు స్టాంటన్ ఫౌండేషన్ 8,90,000 డాలర్ల విరాళమిచ్చినట్లు 2008 డిసెంబరులో ప్రకటింపబడినది.

నేపథ్యము

2004 నుండి వికీపీడియా పుటలు మోనోబుక్ అను రూపులో ఉండెడివి. వ్యాసమును దిద్దదలచి "మార్చు" అను మాటపై నొక్కినవారికి వ్యాసమునకు బదులు బ్రాకెట్లు, నిలువు గీతలు నిండిన సంకేతములు ఎదురగుచుండెడివి. పెద్ద సమాచారపెట్టె గల వ్యాసములలో మొదటి వాక్యమును వెదకి పట్టుకొనుటయే ఒక పని.

2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పరీక్షలు జరిపిరి. వికీపీడియాను చదువుచున్నను దిద్దిన అనుభవము లేనివారికి చిన్న చిన్న పనులు అప్పగించి, వారెక్కడ ఆగిపోవుచున్నారో గమనించిరి. దిద్దవలెనను కోరిక ఉన్నవారు సైతము సంకేతముల నడుమ తికమకపడిరి. సహాయ పుటలు లేక కాదు, మరీ ఎక్కువై అవి అక్కరకు రాలేదు. సైటును నిర్మించినవారు తమలో తాము ఊహించుకొనుట కంటె ఇట్టి పరిశీలన ఎంతో మేలైనది.

వెక్టర్ రూపు

ఫలితముగా వెక్టర్ అను కొత్త రూపు తయారైనది. వెతుకు పెట్టె ఎడమ పట్టీనుండి పై భాగమున కుడివైపునకు మారినది. చదువుట, మార్చుట, చరిత్ర అనునవి వేరువేరు ట్యాబులైనవి. లంకెలను, పట్టికలను చేర్చుటకు పనిముట్ల పట్టీ వచ్చినది. 2010 మే నెలలో ఆంగ్ల వికీపీడియాలోను, పిదప ఇతర భాషలలోను ఇది అమలైనది.

భాషా లంకెల వివాదము

కొత్త రూపులో ఎడమ పట్టీలోని ఇతర భాషల లంకెలను మడిచి, నొక్కిననే కనబడునట్లు చేసిరి. ఆంగ్ల వికీపీడియాలో వాటిని వాడువారు నూటికి ఒకరి కంటెను తక్కువని లెక్క తేలుటయే ఇందుకు కారణము. పుటపై చిందరవందర తగ్గించుట మంచి ఉద్దేశమే. అయితే ఈ లెక్కలో ఒక లోపము గలదు. ఆ లంకె అవసరము అందరికీ ఉండదు; ఉన్నవారికి మాత్రము దానికి బదులు మరొకటి లేదు. ఆంగ్ల వ్యాసము చదువుచున్న తెలుగు విద్యార్థికి అదే విషయముపై తెలుగులోను వ్యాసమున్నదని తెలియుటకు "తెలుగు" అను ఆ ఒక్క మాటయే ఆధారము. అది కనబడనిచో అట్టిది ఉన్నదను ఊహయే రాదు. స్వచ్ఛంద రచయితలు గట్టిగా అభ్యంతరము తెలుపగా, 2010 జూన్‌లోనే లంకెలను మరల బయటపెట్టిరి.

తెలుగు పాఠకుల ఇబ్బందులు

శాన్‌ఫ్రాన్సిస్కో పరీక్షలలో బయటపడుటకు వీలులేని ఇబ్బందులు తెలుగువారికి వేరే ఉండెడివి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నను, భారతీయ లిపుల సదుపాయమును విడిగా అమర్చుకొననిచో ఒత్తులు, గుణింతములు చెదరిపోయెడివి. అంతకు పాత కంప్యూటర్లలో డబ్బాలే కనబడెడివి. మామూలు ఆంగ్ల కీబోర్డుపై తెలుగు టైపు చేయుట మరియొక అడ్డంకి. 2013లో వచ్చిన యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ ద్వారా లిప్యంతరీకరణ, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు రెండును మార్పు పెట్టెలోనే లభించినవి.

తరువాతి మార్పులు

సంకేతములతో పని లేకుండ దిద్దుటకు విజువల్ ఎడిటర్‌ను 2013 జూలైలో ఆంగ్ల వికీపీడియాలో అందరికీ అమర్చిరి. లోపములపై ఫిర్యాదులు పెరుగుటచే సెప్టెంబరులో దానిని కోరినవారికి మాత్రమే పరిమితము చేసిరి. 2023 జనవరిలో అక్కడ అమలైన వెక్టర్ 2022 రూపులో భాషల జాబితా ఎడమ పట్టీనుండి వ్యాసపు శీర్షిక పక్కనున్న బొత్తాములోనికి మారినది. శీర్షిక పక్కనే ఉండుటచే అది కొత్తవారికి కనబడుట తేలిక. ఎడమవైపు చూచుటకు అలవాటుపడినవారు మాత్రము జాబితా ఎటుపోయినదని కొంతకాలము వెదకవలసి వచ్చినది.