సాలార్‌జంగు రాయని కాగితం

మంట దగ్గరికి జరగండర్రా. ఆ తునికి మొద్దు ఇటు నెట్టు మనవడా. నీ వయసులో ఉన్నప్పుడు చూసొచ్చిన హైదరాబాదు ముచ్చట చెప్తా.

అక్కడ మూసీ ఒడ్డున సాలార్‌జంగు మ్యూజియంలో ఒక పాలరాతి బొమ్మ ఉంది. ముసుగేసుకున్న ఆడమనిషి. ముసుగూ రాయే, మొహమూ రాయే. అయినా ముసుగు లోంచి కళ్ళు, ముక్కు తెలుస్తాయి. మొదటి సాలార్‌జంగు రోములో కొని తెచ్చాడు. ఆయన మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడో సాలార్‌జంగు, నిజాముకి దివానుగా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. సొమ్మంతా ఇలాంటి వస్తువులకే పెట్టాడు.

1949 మార్చిలో ఆయన పోయాడు. వీలునామా లేదు. 1951 డిసెంబరులో నెహ్రూ వచ్చి ఆయన దేవిడీలోనే మ్యూజియం తెరిచినా, సొమ్ము ఎవరిదన్న పేచీ తెగలేదు. 1959లో హైకోర్టులో రాజీ అయ్యాక గాని వారసులు వదులుకోలేదు. 1961లో ఆ మ్యూజియం కోసం పార్లమెంటు చట్టం చేసింది. అంత పెద్దాయన నాలుగు ముక్కలు రాసి పోయుంటే ఎంత బాగుండేది!

ఆయన సామానైనా మిగిలింది, మన ఊరు భేజ్జిలో పోయిన సామానుకి లెక్కే లేదు. 2005 తర్వాత గొడవల్లో శబరి దాటి పోయినోళ్ళం పిల్లల్ని ఎత్తుకున్నామే గాని డోళ్ళు ఎత్తుకున్నామా?

ఇదొక్కటే మిగిలింది, మా అయ్య డోలు. ఇక్కడ తడిమి చూడు, ఆయన భుజానికి రాసుకుని చెక్క ఎంత నున్నగా అయిందో. నా తర్వాత ఇది జగదల్‌పూర్‌లో ఉన్న మానవశాస్త్ర మ్యూజియంకి పోవాలి. 1972 నించీ మన అడవి సామాను దాస్తున్న చోటు. ఇలవేల్పు సామాను మాత్రం రాయను. అది గట్టుది, అంటే మన వంశం వాళ్ళందరిది, నా ఒక్కడిది కాదు, రాసే హక్కు నాకు లేదు.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. నేను వేలిముద్ర వేస్తుంటే ఇద్దరు సాక్షులు చూసి సంతకం పెట్టాలి. ముందు మాత్రం మ్యూజియంవాళ్ళని అడిగి రా, తీసుకుంటారో లేదో. వేరే కాగితం మీద ఇంకోటి రాయి: చెక్క ఎవరు తొలిచారో, ఏ తోలు కట్టారో, ఏ పండక్కి ఏ దెబ్బ కొడతామో. దెబ్బలు నేను కొట్టి చూపిస్తా, నువ్వు ఫోన్లో పట్టు.